ఖాళీ ఇళ్ల తలుపులు తెరిచిన ఊరు

దానం అనగానే మనకు అన్నం, దుప్పటి, పిల్లల ఫీజు గుర్తుకొస్తాయి. అవన్నీ అవసరమే. అయితే పుచ్చుకున్నవారే తిరిగి ఊరికి ఆసరా అయ్యే దానం కూడా ఉంది. ఇటలీలోని రియాచే అనే చిన్న ఊరి చరిత్రను అందుకే దాతల ముందు పెడుతున్నాము.

ఇటలీ పటం బూటులా ఉంటుందని మేము తరగతిలో చెబుతుంటాము. ఆ బూటు ముందు కొన కాలబ్రియా ప్రాంతం. అక్కడ సముద్రానికి కొంత దూరంలో, కొండమీద పాత రియాచే ఉంది. 1972లో ఈ ఊరి తీరంలో రెండు ప్రాచీన గ్రీకు కంచు విగ్రహాలు దొరికి దాని పేరు లోకానికి తెలిసింది. కాని పేరు కడుపు నింపదు. పనులు లేక జనం ఉత్తర ఇటలీకి, విదేశాలకు వలసపోయారు. ఇళ్లకు తాళాలు పడ్డాయి. పిల్లలు లేక బడి కూడా మూతపడే స్థితికి వచ్చింది.

ఊరివారు కొలిచే పునీతులు కోస్మాస్, దామియన్ అనే అన్నదమ్ములు. ఇద్దరూ వైద్యులు, రోగుల దగ్గర రుసుము తీసుకునేవారు కాదని ప్రతీతి. సెప్టెంబరు చివర జరిగే వారి ఉత్సవానికి రోమా ప్రజలు కూడా ఏటా తరలివస్తారు. బయటివారు రావడం ఆ ఊరికి కొత్త కాదు.

1998 జూలైలో సుమారు 200 మంది కుర్దు శరణార్థులతో ఒక పడవ ఆ తీరానికి చేరింది. డొమెనికో లుకానో అనే ఉపాధ్యాయుడు, ఆయన మిత్రులు వారికి ఖాళీ ఇళ్లు చూపించారు. మరుసటి ఏడాది ఒక సంఘం పెట్టి, పాత ఇళ్లను బాగుచేయించారు. 2004లో లుకానో మేయరయ్యారు. తర్వాత ఆఫ్ఘన్లు, సోమాలీలు, ఇంకా ఎందరో వచ్చారు. నేత, కుట్టు, కుండల పని, గాజు పని నేర్పే చోట్ల స్థానికులు, వచ్చినవారు కలిసి పనిచేశారు. ఇరుకు సందుల్లో చెత్త సేకరణకు గాడిదలను పెట్టారు. బడిలో మళ్లీ పిల్లల గొంతులు వినిపించాయి.

శరణార్థులకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము నెలల తరబడి ఆలస్యమయ్యేది. అందుకని ఊరే సొంత చీటీలు అచ్చువేసింది. వాటితో శరణార్థులు అంగళ్లలో సరుకులు కొనేవారు. సొమ్ము అందాక దుకాణదారులకు డబ్బు చెల్లించేవారు. ఆ చీటీల్లో కొన్నింటిమీద మన గాంధీజీ బొమ్మ ఉండేది.

కథ అంతటితో ఆగలేదు. 2018లో లుకానోను అరెస్టు చేశారు, ప్రభుత్వ నిధులు ఆగాయి, చాలామంది శరణార్థులు ఊరు విడిచారు. 2021లో కింది కోర్టు ఆయనకు 13 ఏళ్లకు పైగా శిక్ష వేసింది. 2023లో అప్పీలు కోర్టు ఎక్కువ ఆరోపణలను కొట్టివేసి, ఒక పత్రం విషయంలో మాత్రం 18 నెలల శిక్ష విధించి, దాని అమలును నిలిపివేసింది. 2024లో ఊరివారు ఆయననే మళ్లీ మేయరుగా ఎన్నుకున్నారు.

దాతలకు ఇందులో మూడు మాటలున్నాయి. సాయం పొందినవారికి పని చూపితే ఊరు కూడా బాగుపడుతుంది. ఒకే చేతిమీద ఆధారపడిన సేవ ఆ చేయి ముడుచుకున్ననాడు ఆగిపోతుంది. ఉద్దేశం ఎంత మంచిదైనా రసీదు, లెక్క, పత్రం సరిగా ఉండాలి. కనుక పెద్ద మొత్తం ఒకరే ఇవ్వడం కన్నా చిన్న మొత్తాలు పదిమంది క్రమంగా ఇవ్వడం మేలు. ఇచ్చిన ప్రతివారూ లెక్క అడగడం, సంస్థ చూపించడం ఇద్దరికీ గౌరవమేనని మా మనవి.