పెండ్లి పందిటికి పూవుల యెంపిక

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున ఒకప్పుడు రాతిగుట్టలును చిన్న గ్రామములును ఉండిన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు నేడు హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లతో దేశదేశములకు తెలిసినవి. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అటుపిమ్మట కంప్యూటరు సంస్థలు వరుసగా వచ్చినవి. వాటి వెంట పెద్ద హోటళ్లు, సమావేశ మందిరములు లేచినవి. 2006లో ప్రారంభమైన అంతర్జాతీయ సమావేశ కేంద్రమును, దాని చేరువనున్న హైటెక్స్ ప్రదర్శనశాలలును వ్యాపార సభలకై నిర్మింపబడినవే గాని, ముహూర్తముల రోజులలో అవియు కల్యాణమండపము లగుచున్నవి.

ఈ సంగతి గ్రామవాసులకు రెండు విధముల సంబంధించినది. ఆ కార్యాలయములలో పనిచేయు యువతీయువకులలో అనేకులు మన పల్లెల బిడ్డలే. వారి పెండ్లిండ్లు నగరములో జరుగునపుడు ఖర్చు భరించువారు తల్లిదండ్రులే. ఆ పందిళ్లకు కావలసిన పూవులును పల్లెలలోనే పండుచున్నవి. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి, షాబాదు మండలములలో బంతి, చేమంతి, లిల్లీ, గులాబి తోటలును, జెర్బెరా పూవులు పెంచు పాలీహౌసులును కలవు. చేవెళ్ల నగరమునకు సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. అయినను డెకరేషన్ గుత్తేదారు ఫోనులో చూపు బొమ్మలలో థాయిలాండు నుండి విమానముపై వచ్చు ఆర్కిడ్ పూవులే ముందుండును. ఊరినుండి వచ్చిన తండ్రి ఆ బొమ్మను చూచి, పూవు పేరైనను అడుగక, తల యూపి వచ్చుచున్నాడు. అడుగుటకు బిడియపడ నక్కరలేదు. ఆ బొమ్మ ఏ ఋతువులో తీసినదో, ఏ పూవు ఎన్ని గంటలు నిలుచునో చెప్పవలసిన బాధ్యత అమ్మువానిదే.

మొదట చూడవలసినది మాసము. ఆషాఢ, భాద్రపద, పుష్య మాసములలోను, మూఢములందును మనకు పెండ్లిండ్లు లేవు. మిగిలిన మాసములలో ప్రతిదానికి దాని పూవు కలదు. కార్తీక మార్గశిరములు చేమంతి కాలము. చేమంతి మొక్క పగలు తగ్గి రాత్రి పెరిగినపుడే మొగ్గ తొడుగును. అందువలననే కొందరు రైతులు పొలములో రాత్రిపూట దీపములు వెలిగించి పూత కాలమును వెనుకకు జరుపుచుందురు. వైశాఖ జ్యేష్ఠములు మల్లెకు పట్టు. ఆ నెలలలో మల్లె మాలలు చాలినన్ని దొరకునప్పుడు వేరొక తెల్లపూవును దూరదేశము నుండి తెప్పించుట ఎందులకో తెలియదు. శ్రావణములో వానకు తడిసిన బంతి నీటిని పట్టి బరువెక్కి, త్వరగా నల్లబడి కుళ్లును. ఆ మాసములో ఆరుబయట పందిరి వేయువారు బంతిని తగ్గించి, మామిడాకుల తోరణములు, కొబ్బరి మట్టల అల్లికలు హెచ్చుగా వాడిన మేలు. దసరా, దీపావళి దినములలో బతుకమ్మలకును పూజలకును బంతి చేమంతులు విరివిగా పోవును గావున ధర పైకెక్కును. ఆ వారములలో పెండ్లి పడినవారు గుత్తేదారుతో ముందే ధర మాటాడుకొనవలెను.

తరువాత చూడవలసినది స్థలము. పాత పద్ధతిలో ఇంటి ముంగిట వేసిన పచ్చని పందిటికిని, చలువయంత్రములు పనిచేయు మందిరమునకును పూవుల విషయములో చాల భేదమున్నది. చలువ గదిలో గాలి చల్లగానే యుండును గాని పొడిగా నుండును. తీగెకు గుచ్చి నీరు లేక వ్రేలాడదీసిన గులాబి రేకుల అంచులు అక్కడ కొలది గంటలలో ముడుచుకొనును. బంతియు, కనకాంబరమును ఓర్చుకొనును. లిల్లీ పూవు రాత్రిపూట ఎక్కువ పరిమళించును. మూసిన గదిలో వేదిక నిండ దానినే నింపినచో గంటల తరబడి అగ్నిహోత్రము నెదుట కూర్చుండు వధూవరులకు తలనొప్పి పుట్టవచ్చును. ఆరుబయట రాత్రి విందుకు మాత్రము దానిని మించిన పూవు లేదు.

జెర్బెరాను గూర్చి విడిగా చెప్పవలెను. దాని కాడ మెత్తనిది, లోపల గుల్ల. నీటిలో నిలిపినచో వారము వరకు నిలుచు పూవు, నీరందనిచో కొన్ని గంటలలోనే మెడ వాల్చివేయును. నగరములో దీనిని పచ్చని స్పంజి ముక్కలలో గుచ్చుచున్నారు. ఆ స్పంజి ఒక విధమైన ప్లాస్టిక్కే. అది మట్టిలో కలియదు. మన పెద్దలు అరటి బోదెను ముక్కలుగా కోసి దానిలో పూవులు గుచ్చెడివారు. బోదెలో తేమ సహజముగా నుండును, పని తీరిన పిదప పశువులకు వేయవచ్చును. అరటి మాట వచ్చినది గనుక మరొకటి. మండపపు స్తంభములకు కట్టు అరటిగెల పచ్చిదై యుండవలెను. మాగుచున్న పండ్ల నుండి ఎథిలీన్ అను వాయువు వెలువడును. దాని ప్రభావమున కార్నేషన్, ఆర్కిడ్ వంటి పూవులు త్వరగా వాడును. వేల రూపాయల పూవులను ఒక్క పండుగెల పాడుచేయగలదు.

వేళయు ముఖ్యమే. ముహూర్తము తెల్లవారుజామున, విందు సాయంకాలము అయినచో ఒకే అలంకరణ రెండింటికి నిలువదు. మల్లెను ఉదయమే మొగ్గగా కోసి, సాయంకాలము విచ్చుకొనునట్లు లెక్క చూచుకొని కట్టుదురు. ముందటి రోజు మొగ్గ మరునాటి విందుకు పనికిరాదు. రాత్రి దీపకాంతిలో ముదురు ఎరుపు నల్లగా కనబడును. పసుపు, తెలుపు, లేత గులాబి రంగులు తేటగా కనబడును. ఛాయాచిత్రములకును ఇదే వర్తించును. వేదిక వెనుక గోడ ఏ రంగుదో కనుగొని దానికి భిన్నమైన రంగు పూవు ఎన్నుకొనిన చాలును, నానా రంగులు కలుపుట వలన వధూవరులు కానరాకుండుటయే జరుగును.

దేశీయ పూవు, విదేశీ పూవు అను వాదమును కొందరు మతాచారముతో ముడిపెట్టుచున్నారు. అది సరికాదు. మనము మంగళకరమని తలచు బంతి, లిల్లీ రెండును మెక్సికో ప్రాంతమునుండి వచ్చినవే. చేమంతి చీనా దేశపుది, జెర్బెరా దక్షిణాఫ్రికాది. పూవు ఎక్కడ పుట్టినదని గాక, ఎవరు పెంచినది, ఎంత దూరము నుండి వచ్చినది అని అడుగుట న్యాయము. తెల్లవారకముందు కోసిన పూవు మెహదీపట్నము చేరువనున్న గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరి, ఆ పూటనే పందిరి ఎక్కును. దాని తాజాదనము దూరప్రయాణము చేసిన పూవుకు రాదు.

రైతునకు ఈ యెంపిక ఎంతటి ప్రాణాధారమో 2020లో తెలిసినది. మార్చి 25 నుండి లాక్‌డౌన్ అమలగుటతో ఆ వేసవి పెండ్లిండ్లు ఆగిపోయినవి. జెర్బెరా తోటను వదలి ఊరకుండుటకు వీలులేదు. పూవు కోయకున్న మొక్క నీరసించును. కొనువారు లేకున్నను రైతులు కూలినిచ్చి పూవులు కోయించి పారబోసిరి. పాలీహౌసుకై తెచ్చిన అప్పుల వడ్డీ మాత్రము ఆగలేదు. పెండ్లిండ్లు తిరిగి ఆరంభమైన పిదప ఆ రైతులకు ఎదురైన పోటీ వేరు. అది ప్లాస్టిక్ పూవు. గుత్తేదారు ఒకసారి కొని పలుమార్లు అద్దెకు వేయును, వాడదు, నీరు అడుగదు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను నిషేధించినపుడు అలంకరణకు వాడు థర్మోకోలు ఆ పట్టికలో చేరినది గాని ప్లాస్టిక్ పూవు చేరలేదు. కనుక దానిని వద్దనుట ప్రస్తుతము కొనువారి చేతిలోనే యున్నది. ఎత్తైన కప్పుకు వ్రేలాడదీయు మాలల విషయములో కొందరు దానిని సమర్థింతురు. సరే యనుకొన్నను, వధూవరులు కూర్చుండు మండపమునకు ప్లాస్టిక్ పూవేల? ఒడంబడికలో “మండపమునకు నిజమైన పూవులు మాత్రమే” యని ఒక పంక్తి వ్రాయించుకొనుడు. వ్రాయనిచో పందిటిలో తగవు వచ్చును.

పూలరైతులు తెలిసికొనవలసినదియు కలదు. బంతికి నారు పెంచుటకు ఒక నెల, నాటిన తరువాత పూత కోతకు వచ్చుటకు సుమారు రెండు నెలలు పట్టును. కావున కార్తీకపు ముహూర్తములకు శ్రావణములోను, మాఘపు ముహూర్తములకు కార్తీకములోను విత్తనము పోయవలెను. పంచాంగము చేతికి రాగానే ముహూర్తముల తేదీలు గుర్తించుకొని, తోటను ఒకేసారి గాక పదిహేను రోజుల యెడముతో రెండు మూడు మడులుగా నాటినచో ఒక తేదీన ధర తగ్గినను మరొక తేదీ ఆదుకొనును. లిల్లీ వేయదలచినవారికి బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి ప్రజ్వల్ రకము దండలకును, కాడలతో గుచ్చుటకును కూడ అనుకూలము. జెర్బెరాను పదేసి కాడల కట్టలుగా, ఒకే పొడవు గలవి ఏరి కట్టినచో మంచి ధర పలుకును. పొట్టి కాడలు కలిసిన కట్టను కొనువాడు పొట్టి కాడల ధరకే అడుగును.

పెండ్లి మరునాటి ఉదయము పందిరి విప్పునపుడు మణుగుల కొలది పూవులు మిగులును. వాటిని చెత్త బండిలో వేయక, మందిరము వారితో ముందుగానే చెప్పి వేరుగా పోగుచేయించినచో చక్కని కంపోస్టు ఎరువగును. ఇనుప తీగెలు, టేపులు, స్పంజి ముక్కలు ఏరివేయవలెను. బంతిదండ నూలు దారముతో కట్టినదైనచో విప్పకయే గుంటలో వేయవచ్చును. నైలాను దారమైనచో ముందు లాగివేసి, పిదప పూవును వేయవలెను.