గాలి కొనుక్కున్నాను!

డబ్బిచ్చి గాలి కొనుక్కునే రోజు వస్తుందని చెబితే మా నాన్న నమ్మేవాడు కాదు. అందులోనూ అరకులో! అనంతగిరి ఘాటీ ఎక్కి వచ్చిన యాత్రికులు బస్సు దిగీ దిగకముందే గుండెల నిండా పీల్చి, "ఆహా, ఏం గాలండీ!" అంటారు. అటువంటి వూళ్లో నేను గాలికోసం మూడు నెలలు తిరిగాను. నాకు కావలసింది పీల్చే గాలి కాదు మరి. అదిమి, కుక్కి, ఇనప పీపాలో బంధించిన గాలి.

నేను వడ్రంగిని. ఇంటి వెనక రేకుల పాకే నా కార్ఖానా. కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెక్కతో మంచాలూ, బల్లలూ, అలమారాలూ చేస్తాను. కుంచెతో వేసిన వార్నీషు చారలు చారలుగా కనిపిస్తున్నదని ఈ కాలపు పెళ్లివారు పేచీ పెడుతున్నారు. పిచికారీ కొడితే అద్దంలా వుంటుందిట. పిచికారీ కొట్టాలంటే కంప్రెసర్ వుండాలి.

పెళ్లి మంచం

మొదట కొనకుండా అద్దెకు తెచ్చాను. చూడటానికి ముచ్చటగా వుంది. చక్రాలు, ఎర్ర రంగు, పొట్టమీద "రెండు హార్స్ పవర్" అని పెద్ద అక్షరాలు. శ్రావణ మాసం, బయట ముసురు. పొరుగు వూరి పిల్ల పెళ్లి మంచానికి తలాపి చెక్క నిలబెట్టి పిచికారీ మొదలుపెట్టాను. ఒక్క నిమిషం బాగానే నడిచింది. రెండో నిమిషంలో గన్ను నీరసించి తుంపరకు బదులు చుక్కలు రాల్చింది. ఆగి, గాలి నిండాక మళ్లీ కొట్టాను. ఈసారి రంగుతోబాటు నీళ్లు కక్కింది! తెల్లవారి చూస్తే తలాపి నిండా పొక్కులు, అమ్మవారు పోసిన ముఖంలా.

పెళ్లికి నాలుగు రోజులే వుంది. చెక్కంతా గీకి, రాత్రింబవళ్లు కూచుని కుంచెతోనే వేసి ఇచ్చాను. పిల్ల తండ్రి ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

తప్పు ఎక్కడుందా అని అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను.

బానా, ఊటా

మా కొండల్లో ఇల్లు కట్టేవాడు బాన ఎంత పెద్దదని చూడడు. ఊట ఎంత వుందని చూస్తాడు. ఊట సన్నగిలితే ఎంత పెద్ద బానైనా ఖాళీ అయి తీరుతుంది. కంప్రెసర్ సంగతీ అంతే. పీపా బాన, పంపు ఊట.

లెక్క చూడండి. వంద లీటర్ల పీపాలో 8 బార్ల ఒత్తిడి వున్నదనుకుందాం. అది 6 బార్లకు దిగేలోపు మనకు వచ్చే మామూలు గాలి 200 లీటర్లు, అంటే ఏడు ఘనపుటడుగులు. నా చిన్న గన్ను నిమిషానికి నాలుగు ఘనపుటడుగులు తాగుతుంది. అంటే పీపా బలం రెండు నిమిషాల లోపే! నేను అద్దెకు తెచ్చిన దానికి వున్నది పాతిక లీటర్ల పొట్ట. అది ఏ పాటికి ఆగుతుంది?

కనుక అంగట్లో మొదట అడగవలసింది, "ఎన్ని హార్స్ పవర్?" అని కాదు, "నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి బయటికి ఇస్తుంది?" అని. ఇందులోనూ ఒక కిటుకుంది. పంపు లోపలికి తీసే కొలత ఒకటి, బయటికి ఇచ్చే కొలత ఒకటి. మొదటిది పెద్దది కాబట్టి చీటీమీద దాన్నే అచ్చు వేస్తారు. మనకు కావలసింది రెండోది, అదీ పనిచేసే ఒత్తిడి దగ్గర. నిజమైన ఒక్క హార్స్ పవరుకు మూడు, మహా అయితే నాలుగు ఘనపుటడుగులు వస్తే గొప్ప. గన్ను తాగేదానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చే పంపు తీసుకుంటే అది ఆయాసపడదు. మేకులు కొట్టడానికీ, టైర్లకు గాలి నింపడానికీ అయితే చిన్నదే చాలు. వాటికి గుక్కెడు గుక్కెడు గాలి సరిపోతుంది. పిచికారీ పని ఆపకుండా తాగే పని.

కొండమీద మరో చిక్కు. అరకు సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వుంది. ఇక్కడ గాలి ఒత్తిడి విశాఖలోకంటే దాదాపు పదోవంతు తక్కువ. అందువల్ల అదే పంపు అదే పీపాను నింపడానికి ఇక్కడ పదోవంతు ఎక్కువసేపు పడుతుంది. సముద్రపు ఒడ్డున సరిపోయిన మిషను కొండెక్కితే చాలీచాలకుండా వుంటుంది.

మరి నీళ్లెక్కడివి? అవి మన ముసురులోవే. 25 డిగ్రీల దగ్గర తడితో నిండిన గాలి ఒక ఘనపు మీటరుకు 23 గ్రాముల నీటిని మోస్తుంది. ఆ గాలిని తొమ్మిదోవంతుకు అదిమి చల్లారిస్తే అంత నీటినీ మోయలేదు, దించేస్తుంది. నిమిషానికి ఆరు ఘనపుటడుగులు తీసే పంపు వర్షాకాలంలో గంటసేపు ఆగకుండా నడిస్తే సుమారు 200 గ్రాములు, అంటే గ్లాసెడు నీళ్లు! ఆ గ్లాసే పెళ్లి మంచం మీద పడింది.

బావమరిది బేరం

ఇంత లెక్క తెలిశాక మా ఆవిడ కాఫీ గింజల డబ్బు తీసి చేతికిచ్చింది. అదే సమయానికి మా బావమరిది విశాఖనుంచి ఆటో ట్రాలీలో ఒక పాత కంప్రెసర్ వేసుకుని దిగాడు.

"బావా, సగం ధరకు సగం! రెండొందల లీటర్ల పీపా. పైన కొత్త రంగు కూడా వేయించాను" అన్నాడు.

నిజం చెప్పవద్దూ, నాకూ ఆశ పుట్టింది. ఆ రాత్రే తీగ తగిలించేవాణ్ణి. ఇంతలో గొడ్డలికి పిడి వేయించుకోవడానికి మా ముసలి కమ్మరి తాత వచ్చాడు.

ఈ తాత సామాన్యుడు కాడు. వాళ్ల నాన్న తోలు తిత్తి వూది కొలిమి నడిపాడు. 1960 దశకంలో బైలదిల్లా ఇనపరాయిని విశాఖ రేవుకు దించడానికి కొత్తవలస – కిరండోల్ రైలు మార్గం వేస్తున్నప్పుడు తాత మీసాలు మొలవని కుర్రాడు. సొరంగాల్లో రాతి బరమాలకు గాలి గొట్టాలు మోశాడు. ఈనాటికీ రైలు ఆ 58 సొరంగాలలోంచే శిమిలిగుడ మీదుగా పోతుంది. కొండను గాలితో తొలిచే ఈ విద్య 1857 – 1871 మధ్య ఫ్రాన్సు, ఇటలీల నడుమ ఆల్ప్స్ సొరంగం తవ్వినప్పుడే లోకానికి తెలిసింది. గాలి బరమా పొగ విడవదు. పైగా అది వదిలిన గాలి లోపలివాళ్లకు వూపిరి అవుతుంది.

తాత పీపా చుట్టూ ఒకసారి తిరిగాడు. చిన్న సుత్తి అడిగి పైన కొట్టాడు: ఖంగుమంది. పొట్ట కింద కొట్టాడు: బొద్దుమంది.

"బాబూ, దీని అడుగు ఎవులైనా సూశారా?" అన్నాడు.

కింద నీళ్లు వదిలే మర విప్పితే పిడికెడు తుప్పు పెళ్లలు రాలాయి. కొత్త రంగు గీకితే అరచేతంత అతుకు బయటపడింది. మా బావమరిది ముఖం చూడాలి అప్పుడు!

"గాలి కనబడదు, బాబూ. పీపాలో పులిని కట్టినట్టే. కట్టుతాడు పుచ్చిపోతే అది సెప్పి రాదు" అన్నాడు తాత.

అయినా మా వాడికి సందేహం తీరలేదు. విశాఖ తీసుకెళ్లి, పీపాను పూర్తిగా నీళ్లతో నింపి ఒత్తిడి పెట్టి చూపించాం. గాలితో పరీక్షించకూడదు. గాలి అదిమితే నలిగి, తెగగానే ఎగిరిపడుతుంది. నీరు నలగదు; పీపా తెగినా చిమ్మి ఊరుకుంటుంది. 8 బార్ల పీపాను పన్నెండు దాకా పరీక్షించాలి. గేజి ముల్లు ఆరు దాటిందో లేదో అతుకు పక్కనుంచి నీళ్లు పిచికారీ కొట్టాయి.

ఎవ్వరం మాట్లాడలేదు. నా కార్ఖానా మూలనే మా అమ్మాయి ముక్కాలిపీట వేసుకుని చదువుకుంటుంది. పీపా పెట్టాలనుకున్న చోటు ఆ పీటకు మూడడుగుల దూరం.

చివరికి కొన్నది

పాత పీపాను తుక్కు కింద అమ్మేశాం. కొత్తది కొన్నాను. రెండు సిలిండర్లు, బెల్టుతో నెమ్మదిగా తిరిగే పంపు, నిజమైన రెండు హార్స్ పవర్ మోటారు, వంద లీటర్ల పీపా. ఆరు ఘనపుటడుగులకు తక్కువ లేకుండా ఇస్తుంది. నూనె లేని చిన్నరకం తేలిక, మోసుకుపోవచ్చు. కాని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, రోజంతా పనికి త్వరగా అరిగిపోతుంది. మూడు ఫేజుల మోటారు మేలే కాని, మా ఇంటికి వున్నది ఒక్క ఫేజే. సాయంత్రాలు ఓల్టేజి పడిపోతే, చలికాలం పొద్దున నూనె చిక్కబడితే మోటారు మూలుగుతుంది. అప్పుడు బలవంతం చేయకుండా ఆగుతాను. కరెంటు తీగ పొట్టిగా, లావుగా వేశాను. దూరం వెళ్లాలంటే గాలి గొట్టమే పొడుగు చేశాను. పొడుగాటి సన్న తీగ ఓల్టేజిని మింగేస్తుంది. నీళ్లు పట్టే గిన్నెను పీపా దగ్గర కాక గన్నుకు దగ్గరగా బిగించాను. అక్కడికి వచ్చేసరికి గాలి చల్లారి నీళ్లు విడుస్తుంది.

మిషను పాకలో కాదు, బయట గోడ అవతల చప్టామీద వుంది. సేఫ్టీ వాల్వును అప్పుడప్పుడూ లాగి చూస్తాను. సాయంత్రం పని ముగించాక గాలి దించి, కింది మర విప్పి నీళ్లు వదలడం మా అమ్మాయి చూసుకునే లెక్క. ఆ రోజు ఎన్ని నీళ్లు వచ్చాయో గోడమీద బొగ్గుతో గీస్తుంది. శ్రావణంలో గీతలు పొడుగు, మాఘంలో పొట్టి.

మొన్న ఆ పెళ్లికూతురు చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చింది. వాళ్ల నాన్న నా పాక ముందు ఆగి, "మేస్త్రీ, ఉయ్యాల కావాలి. ఈసారి పిచికారీయే కొట్టు" అన్నాడు.

కొట్టాను. ఒక్క పొక్కు లేదు. తాత వచ్చి ఆ చెక్కమీద చెయ్యి రాసి చూసి, చప్టా దగ్గరికి పోయి అలవాటు ప్రకారం పీపా అడుగున సుత్తితో ఒకటి కొట్టాడు.

ఖంగుమంది.