వంశవృక్షానికి వెబ్‌సైటు: ఏ సాఫ్ట్‌వేరు?

నాకు కంప్యూటర్లతో కాస్త పరిచయం ఉందని మిత్రులు తరచు ఒక ప్రశ్న వేస్తుంటారు: "మా వంశవృక్షాన్ని వెబ్‌సైటుగా పెట్టాలనుకుంటున్నాం, ఏ సాఫ్ట్‌వేరు తీసుకోమంటావోయ్?" చాలామంది బొమ్మ అందంగా ఉందా, రంగులు బాగున్నాయా అని చూస్తారు. నేను మాత్రం, ఇవాళ లోపల చేర్చిన సమాచారాన్ని రేపు క్షేమంగా బయటికి తెచ్చుకోగలమా అని చూస్తాను.

ఎందుకంటారా? సాఫ్ట్‌వేర్లకూ ఆయుర్దాయం ఉంటుంది. లక్షలాది సొంత పేజీలకు ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ అమెరికాలో 2009లో మూతపడింది. ఎందరో వాడిన 'పర్సనల్ ఆన్సెస్ట్రల్ ఫైల్' 2013లో ఆగిపోయింది. అయినా అందులో రాసుకున్నవారికి దారి మిగిలింది. ఆ దారి పేరు జెడ్‌కామ్. అమెరికాలోని మోర్మన్ చర్చివారు 1984లో తెచ్చిన ఫైలు పద్ధతి ఇది. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి, రాస్తాయి. రాయలేనిదాన్ని ముట్టుకోకండి.

జెడ్‌కామ్‌లో ప్రతి మనిషికీ ఒక నంబరు, ప్రతి కుటుంబానికీ ఒక నంబరు ఉంటాయి. మనవాళ్లకు ఇది మహా అనుకూలం. మేనమామను పెళ్లాడిన పిల్ల ఉందనుకోండి, కాగితం మీద ఆ మామ పేరు రెండు చోట్ల రాయక తప్పదు. ఇక్కడ ఆయన ఒక్కడే, ఒకే నంబరుతో ఒక కుటుంబంలో కొడుకు, మరో కుటుంబంలో భర్త. ఇంటిపేరు విడిగా గుర్తుపెట్టే ఏర్పాటూ ఉంది కనుక మన పద్ధతిలో ముందే రాసుకోవచ్చు. ఆడవారిని పుట్టింటిపేరుతో నమోదు చేయడం మేలు, లేకపోతే అమ్మ తరఫువాళ్లు దొరకరు. తెలుగు అక్షరాలు చెడకుండా ఉండాలంటే ఫైలును యూనికోడ్‌లోనే దాచాలి. ఒక హెచ్చరిక: సాధారణ జెడ్‌కామ్ ఫైలులో ఫొటోలు ఇమడవు, వాటి ఫైళ్ల పేర్లే ఉంటాయి. ఫొటోలను వేరే భద్రపరచండి.

ఇక ఎంపిక సంగతి. ఒక్కరే కూర్చుని రాసేట్లయితే గ్రాంప్స్ చాలు. ఇది ఉచితం, మీ కంప్యూటర్లోనే ఉంటుంది. అడిగితే మొత్తం వృక్షాన్ని మామూలు వెబ్ పేజీలుగా తయారుచేసి ఇస్తుంది, వాటిని ఏ చిన్న సర్వరులోనైనా పెట్టుకోవచ్చు. హైదరాబాదులో పిన్ని, డాలస్‌లో బాబాయి కొడుకు, విశాఖలో మీరు అందరూ కలిసి దిద్దాలంటే వెబ్‌ట్రీస్ మేలు. 2010లో పి.హెచ్.పి.జెడ్‌వ్యూ నుంచి చీలి వచ్చిన ఈ సాఫ్ట్‌వేరూ ఉచితమే కాని, పి.హెచ్.పి., డేటాబేసు ఉన్న సర్వరు కావాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి. టి.ఎన్.జి. కూడా ఇలాంటిదే, అయితే డబ్బిచ్చి కొనుక్కోవాలి.

ఏది తీసుకున్నా, బతికున్నవాళ్ల వివరాలు దారినపోయేవారికి కనబడకూడదు. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటిపేరు వంటివే కొన్ని చోట్ల మన గుర్తింపు కోసం అడుగుతారు మరి! వెబ్‌ట్రీస్ మామూలుగానే వాటిని దాస్తుంది. గ్రాంప్స్‌లో వెబ్ పేజీలు తయారుచేసేటప్పుడే బతికున్నవారిని మినహాయించమని చెప్పాలి. నా మటుకు నేను గ్రాంప్స్‌తో మొదలుపెట్టమంటాను. చుట్టాలు ఉత్సాహంగా ముందుకొస్తే అదే జెడ్‌కామ్ ఫైలును వెబ్‌ట్రీస్‌లోకి ఎక్కించుకోవచ్చు.

మా ఇంట్లో దొరికిన పాత వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి, ఒక్క ఆడపిల్ల పేరూ లేదు. సాఫ్ట్‌వేరు మాత్రం ప్రతి బిడ్డకూ తల్లి ఎవరని గడి చూపిస్తుంది. ఆ గడులు నింపగలిగినవారు మన అమ్మమ్మలూ నాయనమ్మలే. సాఫ్ట్‌వేరు వచ్చే ఏడాదైనా దొరుకుతుంది, ఈ సెలవుల్లో ముందు వాళ్ల దగ్గర కూర్చోండి.