గాయపడిన సముద్రపు మలుగు - దాని పరిచర్య



పూర్వము రోమనగరమున హోర్టెన్సియసను ప్రసిద్ధ వక్త యుండెడివాడు. సముద్రతీరమున బౌలీ యనుచోట ఆయనకొక చేపలకొలను కలదు. అందు తాను ముద్దుగా పెంచుకొన్న మలుగు చచ్చిపోగా ఆయన కన్నీరు కార్చెనని చెప్పుకొనుచుండిరట. క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడైన ప్లీనీ దీనిని వ్రాసియున్నాడు. అదే భవనమున ఆంటోనియా యను రాజకుటుంబపు స్త్రీ తన మలుగునకు చెవిపోగులు పెట్టినదనియు ఆయనయే చెప్పినాడు. చెవులు లేని జంతువునకు పోగులెక్కడ తగిలించినదో మాత్రము చెప్పలేదు.

ఆ మోజు నేటికిని పోలేదు. అనేక దేశములలో అద్దపు తొట్టిలో ఉప్పునీరు నింపి, ఇంటనే మలుగులను పెంచువారు కలరు. అట్టి మలుగు గాయపడినప్పుడు ఏమి చేయవలెనన్నదే నేటి ప్రసంగవిషయము.

మలుగనగానే గోదావరి ప్రాంతమువారికి బొమ్మిడాయి తలపునకు వచ్చును. బొమ్మిడాయి నిజమైన మలుగు కాదు. రూపమున పోలిక మాత్రమే. ఇండ్లలో తరచుగా పెంచెడిది హిందూ, పసిఫిక్ మహాసముద్రముల పగడపు దిబ్బలలో వసించు స్నోఫ్లేక్ మోరే యనునది. తెల్లని మేనిపై నల్లని మచ్చలు, వాని నడుమ పసుపుపచ్చని చుక్కలు కలిగి, రెండడుగుల పొడవునకు పెరుగును. దానికి పొలుసులు లేవు. దట్టమైన జిగురు కలదు. ఆ జిగురే దాని కవచము. సూక్ష్మజీవులు చర్మమును చేరకుండ కాపాడునది అదియే.

చర్మము తెగినచో మరియొక యాపద కలదు. సముద్రపు చేప రక్తములోని ఉప్పు సముద్రజలములోని ఉప్పునకు ఇంచుమించు మూడవవంతు మాత్రమే. ఊరగాయజాడిలోని ఉప్పు మామిడిముక్కలలోని నీటిని బయటికి లాగునుగదా. చుట్టునున్న ఉప్పునీరు చేప దేహములోని నీటిని అట్లే యెల్లప్పుడును లాగుచుండును. చర్మము చెక్కుచెదరక యున్నంతకాలము లోపలి నీరు చాలవరకు నిలుచును. గాయమైనచోట వెలికి పోవును. కావున మన కంటికి చిన్నదిగా తోచు గాయము దానికి చిన్నది కాదు.

గాయములు వాడిరాళ్లు గీరుకొనుటవలనను, తోడి చేపలు కొరుకుటవలనను కలుగును. అన్నిటికంటె దారుణమైనది తొట్టి దాటి నేలపై పడుట. ఇది దాని పొగరు కాదు, స్వభావము. ఈ జాతి మలుగు నీటిని విడిచి గట్టెక్కి, ఆహారమును పట్టి, నీటికి మరలకయే మ్రింగగలదని రీటా మెహతా యను శాస్త్రజ్ఞురాలు 2021లో ప్రకటించినది. మోరేల గొంతులో రెండవ దవడల జత యొకటి ముందుకు సాగివచ్చి ఎరను లోనికి లాగునని 2007లో ఆమెయు పీటర్ వెయిన్‌రైట్ అనునాయనయు కలసి తెలిపియుండిరి. ఎర నట్లు లాగుటకు ముందు నోటి పండ్లు దానిని గట్టిగా పట్టవలెను. అందుచేత ముందు దవడ విరిగిన మలుగు స్థితి మేనిపై గీరుకొన్నదానికంటె కష్టము.

తెల్లవారి లేచి, నేలపై త్రాడువలె పడియున్న మలుగును చచ్చినదని పారవేయువారు కలరు. తొందర కూడదు. మేని తడి ఆరనంతవరకు అది కొన్ని గంటలు ప్రాణముతో నుండవచ్చును. తొట్టినీటిలో తడిపిన గుడ్డతో మెల్లగా ఎత్తి నీటిలో విడువవలెను. అంటిన దుమ్మును రుద్దరాదు. దుమ్ముతోపాటు జిగురును ఊడివచ్చును. నీటిలోనున్నదానిని పట్టవలసివచ్చినచో వలకంటె ప్లాస్టిక్ పాత్రను ముంచి పట్టుట మేలు. నొప్పితోనున్న జంతువు యజమాని నెరుగదు; కరచినచో సబ్బుతో కడుగుకొని వైద్యుని చూడవలెను.

ఇక ముఖ్యమైన వైద్యము నీరే. చేపలు మొప్పల ద్వారా విడుచు అమ్మోనియా విషము. తొట్టిలోని రాళ్లను, వడపోతను ఆశ్రయించియుండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. మొదటి రెండును సున్నగా నుండవలెను. కొలతపెట్టె లేకుండ రోగిని చూచుట నాడి పట్టకుండ మందిచ్చుటవంటిది. గాయము స్వల్పమైనచో మలుగును దాని తొట్టిలో, దాని కంతలోనే యుంచి, కొరికిన చేపను వేరుచేయుట న్యాయము. లోతైన గాయమైనచో వేరొక తొట్టి కావలయును. అందు ఇసుక వలదు. మేను పట్టునంత వెడల్పు గల ప్లాస్టిక్ గొట్టమొకటి, గాలిబుడగలు, మసక వెలుతురు, 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి చాలును. క్రొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగైదు వారములు పట్టును గనుక, అందాక ప్రతిదినము కొంత నీటిని మార్చుచుండవలెను.

పెద్దలగు మీరు ఎద్దు మెడ పుండునకు పసుపును, వేపనూనెయు పూసి మాన్పియుందురు. ఆ యనుభవము ఇచ్చట పనికిరాదు. తొట్టిలో వేసినదెల్ల చేప పీల్చు గాలితో సమానము. నూనె నీటిపై పొరకట్టి గాలి నడ్డగించును. అంగడిలో దొరకు రాగి మందులును పొలుసులు లేని చేపకు ప్రమాదకరములు. రొయ్య, పీతలను చంపును. పుండు అంచులు ఎఱ్ఱబారి వ్యాపించినను, దూదివంటి తెల్లని పదార్థము మొలచినను చేపల రోగములెరిగిన పశువైద్యుని అడుగవలెను. ఆయన చెప్పిన సూక్ష్మజీవినాశకమును వేరు తొట్టిలోనే వాడవలెను. లేనిచో నీటిని శుభ్రపరచు మేలుజీవులును నశించును.

నోరు తెరచి మూయుచుండుట కోపము కాదు, దాని శ్వాస. ఆ కదలిక మితిమీరి వడిగా నున్నను, కంత విడిచి వెల్లకిల పడియున్నను భయపడవలసినదే.

తినకున్నచో ఇంటివారు కంగారుపడుదురు. బలిసిన మలుగు రెండు మూడు వారములు ఉపవాసముండగలదు. మొదటి మూడు నాలుగు దినములు ఏమియు పెట్టక, పిదప చిన్న రొయ్యముక్కను పొడవైన పట్టకారుతో కంత వాకిట చూపవలెను. దాని చూపు మందము, వాసన పసిగట్టుటలో దిట్ట. తినని ముక్కను గంటలోపల తీసివేయవలెను. ఎల్లప్పుడు పచ్చిరొయ్యయే పెట్టినచో బీ1 విటమిను కొరవడును గావున పీత, చేప మార్చి మార్చి పెట్టుట మంచిది.

గాయము మానిన పిదప పాత తొట్టిలో విడుచుటకు ముందు దాని మూత చూడవలెను. గొట్టములు దూరు సందులలో మలుగు తల పట్టునది ఒక్కటి మిగిలినను, ఆ రాత్రియే అది దానిని కనిపెట్టును. సన్నని ప్లాస్టిక్ జాలితో సందులు బిగించి, మూతపై బరువుంచి, అటుపిమ్మట మలుగును విడువవలెను.