మబ్బుకు అడుగుంటుంది

పోయిన వేసవి సెలవులకు మా మనవరాలు రాజమహేంద్రవరం వచ్చింది. ఏడో తరగతిలోకి వెళ్ళబోతున్న పిల్ల. సంచీలోంచి బట్టల కంటే ముందు రంగుల డబ్బా బయటికి తీసింది. సాఫ్ట్ పాస్టెల్స్, ఇరవై నాలుగు రంగులు. రెండో రోజు పొద్దున్నే డాబా ఎక్కి, ఆకాశం బొమ్మ వేసుకొచ్చి నా చేతిలో పెట్టింది. అట్ట నిండా ఒకటే నీలం. అందులో గుండ్రగుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, పేలాలు చల్లినట్టు తెల్లటి మబ్బులు.

"బాగుందమ్మా. ఇది ఏ మబ్బు?" అన్నాను.

"మబ్బంటే మబ్బే కదా తాతయ్యా!"

"మరి చెట్టంటే చెట్టే కదా అని మామిడాకునీ వేపాకునీ ఒకేలా గీస్తావా?"

పిల్ల ఆలోచనలో పడింది. అప్పటికి వంటింట్లో ఇడ్లీలు ఉడుకుతున్నాయి. చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళాను. మబ్బుల పాఠం మొదలుపెట్టడానికి ఇడ్లీ పాత్రను మించిన చోటు లేదు.

మూత అంచు దగ్గర ఆవిరి కొట్టే చోట బాగా గమనించండి. అంచుకు ఆనుకుని ఏమీ కనిపించదు. వేలెడు దూరం పోయాకే తెల్లగా పొగలా కనిపిస్తుంది. మనం ఆవిరి అనుకునే ఆ తెల్లటిది అసలు ఆవిరే కాదు. నిజమైన నీటి ఆవిరి కంటికి ఆనదు. అది చల్లగాలి తగిలి, సన్నని నీటి తుంపరలుగా మారాకే మన కంటపడుతుంది. ఆ వేలెడు ఖాళీ స్థలాన్ని ఆకాశమంత చేసి ఊహించుకోండి, మబ్బు అర్థమైపోతుంది. ఎండకు నేల కాగుతుంది, నేలను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున. ఒక ఎత్తుకు చేరాక అందులోని ఆవిరి ఇక ఆవిరిగా ఉండలేదు. అక్కడే తుంపరలు పుడతాయి. ఆ ఎత్తు ఆ చుట్టుపక్కలంతా ఇంచుమించు ఒకటే. అందుకే తెల్లటి దూది మబ్బులన్నిటికీ అడుగు చదునుగా, బల్ల మీద పెట్టినట్టు ఉంటుంది.

"మళ్ళీ డాబా మీదికి పద," అన్నాను. పిల్ల తలెత్తి చూసింది. "అవును తాతయ్యా, అన్నిటికీ కింద గీత గీసినట్టుంది!" అంది. ఆ గీత నిన్నా ఉంది, మొన్నా ఉంది. పేరూ కారణమూ తెలిసిన ఈరోజే కనబడింది.

ఆ గీత ఎంత ఎత్తులో ఉందో ఇంట్లోనే లెక్క కట్టొచ్చు. ఫ్రిజ్‌లోని చల్లని నీళ్ళు స్టీలు గ్లాసులో పోస్తే గ్లాసుకు బయట చెమట పడుతుంది కదా. ఏ వేడిమి దగ్గర ఆ చెమట మొదలవుతుందో దాన్ని వాతావరణ శాఖవాళ్ళు డ్యూ పాయింట్ అంటారు. గాలి ఉష్ణోగ్రతలోంచి దాన్ని తీసేసి, మిగిలిన ఒక్కో డిగ్రీకి 125 మీటర్లు వేసుకోండి. ఆ రోజు గాలి 34 డిగ్రీలు, డ్యూ పాయింట్ 26 అనుకుందాం. తేడా ఎనిమిది. అంటే మబ్బు అడుగు కిలోమీటరు ఎత్తున ఉన్నట్టు.

ఆవిరి చల్లబడితే చాలదు. తుంపర పట్టుకుని కూర్చోడానికి ఏదో ఒక రేణువు కావాలి. ధూళో, పొగో, సముద్రపు ఉప్పో. ఇది ఒక ప్లాస్టిక్ సీసాతో చూపించాను. రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి, అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగ కాస్త లోపలికి పోనిచ్చి, మూత బిగించాను. (ఇది పెద్దవాళ్ళు దగ్గరుండి చెయ్యాలి.) సీసాను గట్టిగా నొక్కి ఒక్కసారి వదిలేస్తే లోపల తెల్లగా మబ్బు! నొక్కితే మాయం, వదిలితే ప్రత్యక్షం. వదిలినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, పొగ రేణువుల మీద తుంపరలు చేరతాయి. పొగ పెట్టకుండా చేస్తే మబ్బు కట్టీ కట్టనట్టే ఉంటుంది.

"అయితే మబ్బులో దుమ్ముంటుందా?" అని అడిగింది. ప్రతి తుంపర కడుపులోనూ ఒక రేణువు ఉంటుంది. నీ చేతిలోని పాస్టెల్ కూడా రేణువులేనమ్మా అన్నాను. రంగు పొడి, కొంచెం సుద్ద, పట్టి ఉంచడానికి చిటికెడు బంక, అంతే. కాగితం గరుకులో ఆ పొడి చిక్కుకుంటేనే బొమ్మ. నున్నటి కాగితం మీద పాస్టెల్ నిలవదు. బడిపిల్లలు వాడే ఆయిల్ పాస్టెల్ వేరు, అది మైనంలా జిడ్డుగా అంటుకుంటుంది. మబ్బులకు సాఫ్ట్ పాస్టెలే కావాలి. మన ఇళ్ళలో ముగ్గుపిండి పట్టిన వేళ్ళకు అది కొత్తేమీ కాదు.

మబ్బులకు పేర్లు పెట్టినవాడి కథ కూడా చెప్పాలి. ల్యూక్ హోవర్డ్ అని లండన్‌లో మందుల తయారీ వృత్తిగా ఉన్న మనిషి. 1802 డిసెంబరులో, ముప్పయ్యేళ్ళ వయసులో, ఒక చిన్న విజ్ఞాన సంఘంలో ఉపన్యాసం ఇచ్చాడు. గంటకో రూపు మారే మబ్బుల్లోనూ మూలరూపాలు కొన్నే ఉన్నాయని చెప్పి, వాటికి లాటిన్ పేర్లు పెట్టాడు. సిరస్ అంటే కురుల పాయ. క్యుములస్ అంటే కుప్ప. స్ట్రాటస్ అంటే పొర. వాన మబ్బు నింబస్. ఆయన మబ్బుల్ని చూసి స్వయంగా బొమ్మలు వేసేవాడు కూడా. జర్మన్ మహాకవి గోథే ఆయన గౌరవార్థం కవితలే రాశాడు. 1896లో అన్ని దేశాలకూ కలిపి మేఘాల అట్లాసు వెలువడింది. ఇవాళ వాతావరణ శాస్త్రవేత్తలు లెక్కించే జాతులు పది. మా ఇంట్లో మాత్రం ఈకమబ్బు, కుప్పమబ్బు, పొరమబ్బు అని పెట్టుకున్నాం. కళ్ళంలో ధాన్యం కుప్ప చూసినవాళ్ళకు క్యుములస్ రూపం వేరే చెప్పక్కర్లేదు.

కుప్పమబ్బుతోనే మొదలుపెట్టాం. తెలుపు తియ్యబోయిన చేతిని ఆపాను. ముందు ఆకాశం. నడినెత్తిన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పలచబడి, నేల దగ్గర పాలు కలిపినట్టు ఉంటుంది. అటువైపు మన చూపు దళసరి గాలిలోంచి పోతుంది కాబట్టి అలా. పాస్టెల్‌ని పడుకోబెట్టి పక్కవాటుగా రుద్దితే వెడల్పాటి చార వస్తుంది. అరచేత్తో మెల్లగా సర్దితే ఆకాశం సిద్ధం.

ఇక మబ్బు. అది తెల్లగా ఎందుకుంటుంది? పంచదార పలుకు ఒక్కటి వెలుగులో పట్టి చూడండి, అద్దంలా ఉంటుంది. గుప్పెడు పోస్తే తెలుపు. నీటి తుంపరా అంతే. కోట్ల తుంపరలు అన్ని రంగుల వెలుగునూ అన్ని వైపులకూ చెదరగొడతాయి. దళసరి మబ్బులో పైనుంచి పడ్డ వెలుగు చాలావరకు పైకీ పక్కలకీ పోతుంది, అడుగుకు చేరేది తక్కువ. అందుకే అడుగు బూడిద రంగు. దాన్ని నలుపుతో వేస్తే మబ్బు మసిబారుతుంది. నీలం కలిసిన బూడిద, కాస్త వంగపండు రంగు, నేల నుంచి తిరిగొచ్చే వెలుగుకు పిసరంత గోధుమ వేయించాను. తెలుపు అన్నిటికంటే చివర, సూర్యుడు తగిలే భుజం మీద మాత్రమే, నొక్కిపెట్టి. తల అంచు గట్టిగా ఉండాలి, దాన్ని వేలితో రుద్దకూడదు. నీడ ఉన్నచోట మెత్తగా సర్దాలి.

సైజుల సంగతి గోదావరి గట్టు మీద తేలింది. ఆర్చి వంతెన చూపించి, "అన్ని ఆర్చీలూ ఒకే కొలత. మరి దూరంవి ఎందుకు చిన్నగా, ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తున్నాయి?" అన్నాను. మబ్బుల అడుగులన్నీ కలిసి ఒక పైకప్పు. నెత్తిమీదివి పెద్దవి, దూరం పోయేకొద్దీ చిన్నవి, ఇరుకు, పలచన, కొంచెం పసుపు తిరిగినవి. మొదటి బొమ్మలో పేలాల్లా ఎందుకు కనిపించాయో ఆ పిల్లే చెప్పేసింది.

అంత దూదిలా ఉన్నదాని బరువు మాత్రం తక్కువ కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు కిలోమీటరు చొప్పున ఉన్న కుప్పమబ్బులో, ఘనపు మీటరుకు అర గ్రాము నీరున్నా, మొత్తం 500 టన్నులు. వంద ఏనుగుల బరువు. మరి మీద పడదేం? తుంపర అడ్డుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు. సెకనుకు సెంటీమీటరు చొప్పున దిగాలని చూస్తుంది, కింది నుంచి లేచే గాలి దాన్ని నిలబెట్టేస్తుంది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి.

ఈకమబ్బు సంగతి సులువు. మన ప్రాంతాల్లో ఆరు నుంచి పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తులో, అంతా మంచు పలుకులే. పైగాలి దువ్వినట్టు లాగి వదులుతుంది. తెల్ల పాస్టెల్ మొనతో, మణికట్టు విసురుతో ఒక్క గీత, దాని మీద వేలు పెట్టొద్దు. ఆ మంచు పలుకులే పలచని తెరలా పరుచుకుంటే చంద్రుడి చుట్టూ వరదగుడి కడుతుంది. ఆరు పలకల మంచు పలుకులు వెలుగును ప్రధానంగా ఒకే కోణంలో, 22 డిగ్రీలు, వంచుతాయి కాబట్టి గుడి ఎప్పుడూ ఒకే కొలత. చెయ్యి బారుగా చాపి జాన పరిస్తే బొటనవేలు చంద్రుడి మీద, చిటికెన వేలు గుడి మీద ఉంటాయి. సూర్యుడి చుట్టూ కట్టినప్పుడు మాత్రం ఇలా కొలవొద్దు, కళ్ళు పోతాయి.

ఆకాశంలో చిన్నచిన్న ముద్దలు వరసలు కట్టినప్పుడు పెద్దవాళ్ళు కూడా పొరబడతారు. దానికీ చెయ్యే కొలబద్ద. దిక్కుల అంచు నుంచి మూడు పిడికిళ్ళ పైన ఉన్న ముద్దల్నే చూడాలి. ఒక్కో ముద్ద చిటికెన వేలు వెనక దాక్కుంటే సిర్రోక్యుములస్, బాగా ఎత్తున ఉన్నది. వేలి నుంచి మూడు వేళ్ళ వెడల్పైతే ఆల్టోక్యుములస్, నడిమి అంతస్తుది. అంతకు మించితే స్ట్రాటోక్యుములస్, రెండు కిలోమీటర్ల లోపుది. పొరమబ్బు గురించి చెప్పడం కంటే చూడటమే మేలు. పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కితే చలికాలపు తెల్లవారుజామున లోయంతా కింద మబ్బు పరుచుకుని ఉంటుంది. మన ఊళ్ళో శీతాకాలం కమ్మే పొగమంచూ నేలకు దిగిన పొరమబ్బే.

సెలవుల చివర్లో ఒక మధ్యాహ్నం ఉక్కపోత భరించలేనట్టుంది. మూడు దాటాక పడమర కుప్పమబ్బు ఒకటి లేచింది. కాలీఫ్లవర్‌లా పొంగుతూ చూస్తుండగానే పైకి పైకి. ఇప్పుడు మన పేపర్లన్నీ రాసే క్యుములోనింబస్ ఇదే. మన వైపు పదహారు కిలోమీటర్ల పైకి పోతుంది, ఎవరెస్టుకు దాదాపు రెండింతలు. అక్కడ పైగాలి వెచ్చబడుతుంది, మబ్బు ఇక లేవలేక పక్కలకు పరుచుకుని కమ్మరి దాగలిలా తయారవుతుంది. మనవరాలు వరసగా నాలుగు కాగితాలు వేసింది, పది నిమిషాలకొకటి. మొదటి దాంట్లో తల అంచు గట్టిగా ఉంది. నాలుగో దాంట్లో ఆ అంచు పీచులు తేలింది. నీటి తుంపరలు మంచు పలుకులుగా మారుతున్నాయనడానికి అదే గుర్తు. నేను చెప్పకముందే తన వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అంతలో ఉరుము వినబడింది. ఉరుము వినబడితే డాబా దిగాల్సిందే, దానికి బేరం లేదు.

వాన కురుస్తుంటే లోపల కూర్చుని బూదాఁ గురించి చెప్పాను. ఫ్రాన్స్‌లో ఓన్‌ఫ్లర్ అనే రేవు ఊళ్ళో 1824లో పుట్టిన చిత్రకారుడు యూజీన్ బూదాఁ. సముద్రపు ఒడ్డున కూర్చుని ఆకాశాన్ని పాస్టెల్‌తో వందలకొద్దీ బొమ్మలు వేశాడు. కుర్రవాడైన క్లాడ్ మొనేని ఇంట్లోంచి ఆరుబయటికి లాక్కొచ్చి బొమ్మలు వేయించింది ఆయనే. ఒక్కో బొమ్మ మీద తేదీ, గంట, గాలి దిశ రాసుకునేవాడు. 1859లో వాటిని చూసిన కవి బోదలేర్, ఆ రాతను చేత్తో మూసినా ఏ కాలమో, ఏ వేళో, గాలి ఎటుదో మబ్బుని బట్టే చెప్పొచ్చని రాశాడు. నా మటుకు ఒక చిత్రకారుడికి దక్కగలిగిన మెప్పుల్లో అంత గొప్పది మరొకటి లేదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ కూడా 1821, 22ల్లో ఆయిల్ రంగులతో మబ్బులు వేసి, వెనక ఇలాగే రాసుకున్నాడు.

మనవరాలు ఆ నాలుగు కాగితాలూ తిప్పి, వెనక తేదీ, గంట రాసింది. "గాలి ఎటు తాతయ్యా?" అని అడిగింది. పడమటి గాలి అన్నాను. అదీ రాసింది.

మీ ఇంట్లో పిల్లలుంటే ఖరీదైన కాగితం కోసం ఆగొద్దు. పార్సిళ్ళు కట్టే గోధుమ రంగు కాగితానికి గరుకు వైపు చాలు, దాని మీద తెలుపు బాగా ఎత్తి కనిపిస్తుంది. రాలిన పొడిని నోటితో ఊదనివ్వకండి, కాగితం నిలబెట్టి వెనక తడితే రాలిపోతుంది. అయ్యాక చేతులు కడిగించండి. సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కండి, ముందు మబ్బు అడుగు ఎక్కడుందో వెతకండి. బొమ్మ వెనక తేదీ, గంట, గాలి రాయించడం మరిచిపోకండి.