సూపర్‌చార్జర్ ఉన్న పాత కారు: లోపాన్ని వెదకవలసిన వరుస

అమెరికాలోని సౌత్ బెండ్ నగరంలో స్టూడిబేకర్ సంస్థ 1962-63లో నిర్మించిన అవాంటి కార్లలో ‘ఆర్2’ రకానికి 289 ఘనపు అంగుళాల వి-8 ఇంజను, పాక్స్‌టన్ సూపర్‌చార్జర్ ఉండేవి. ఇంజను బెల్టుతో తిరిగే ఈ సాధనం గాలిని అదిమి కార్బురేటరులోకి పంపుతుంది. గాలి పెరిగిన కొద్దీ పెట్రోలు కూడా పెరగాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇటువంటి కారు బలం కోల్పోతే సూపర్‌చార్జర్‌ను విప్పడం తొందరపాటు. ముందు ప్రెషర్ గేజి చూడాలి. గాలి పీడనం తగ్గి ఉంటే బెల్టు జారుతూ ఉండవచ్చు, లేదా గొట్టాల అతుకుల వద్ద గాలి బయటకు పోతూ ఉండవచ్చు. పీడనం సరిగా ఉన్నా ఇంజను తడబడితే పెట్రోలు పంపును పరీక్షించాలి. పంపు పీడనం గాలి పీడనాన్ని మించకపోతే కార్బురేటరులోకి చాలినంత పెట్రోలు చేరదు.

ఇంజనులో టకటకమనే శబ్దం వినిపిస్తే వెంటనే యాక్సిలరేటరుపై నుంచి కాలు తీయాలి. పెట్రోలు చాలకపోయినా, స్పార్కు సమయానికి ముందే పడినా ఆ శబ్దం పుడుతుంది. అలాగే నడిపితే పిస్టను కరిగి రంధ్రం పడవచ్చు. బెల్టు బిగించడం కొద్ది నిమిషాల పని. పిస్టను మార్చాలంటే ఇంజనునే విప్పవలసి వస్తుంది.