జూలై నాలుగు: మనీలా, కడవెండి

1946వ సంవత్సరము జూలై 4వ తేదీన మనీలా నగరమందలి లునేటా మైదానమున అమెరికా జెండా దిగి ఫిలిప్పీను జెండా పైకెగయగా, ఆ ద్వీపవాసులకు దాదాపు అర్ధ శతాబ్దపు అమెరికా పాలన చట్టరీత్యా ముగిసెను. సరిగా ఆ దినముననే, ఆనాటి మన నల్లగొండ జిల్లాలోని కడవెండి గ్రామమున, విసునూరు దేశముఖు మనుషులు కాల్చిన తుపాకిగుండునకు, వెట్టిచాకిరి కెదురు తిరిగిన దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఈ రెండింటికిని పరస్పర సంబంధ మేమియు లేదు. అయినను స్వాతంత్ర్య మేనాడు వచ్చినది, ఒకరిచ్చినదా, తామే తెచ్చుకొన్నదా యను ప్రశ్న ఫిలిప్పీనులను ఎట్లు వెన్నాడినదో, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారిని గూడ నేటికిని అట్లే వెన్నాడుచున్నది గావున, వారి కథను మన కథ ప్రక్కన నుంచి చదువుట నిరర్థకము కాదు.

స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు పేరనే నేటికిని పిలువబడు ఆ దేశము, 1898 జూన్ 12న కవిట్ పట్టణమున ఎమిలియో అగినాల్డో నాయకత్వమున తాను స్వతంత్రనని చాటుకొన్నది. ఆ చాటింపును ఏ పెద్ద రాజ్యమును చెవిని బెట్టలేదు. ఆ యేడు డిసెంబరులో పారిస్ సంధి ద్వారా స్పెయిను ఆ ద్వీపములను రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు ధారపోయగా, మరల యుద్ధము, మరల ఓటమి, మరల పరాధీనత. తుదకు 1946లో అమెరికా ఇచ్చిన స్వాతంత్ర్యమైనను ఊరక వచ్చినది కాదు. ఆ దేశపు ఖనిజములయందును, అరణ్యములయందును అమెరికను పౌరులకు సమాన హక్కులుండునట్లు కొత్త రాజ్యము తన రాజ్యాంగమునే సవరించుకొనవలసి వచ్చెను. దాతకు స్వాతంత్ర్య దినమును, గ్రహీతకు స్వాతంత్ర్య దినమును జూలై నాలుగే యగుట ఎంత ఇబ్బందికరమో వేరుగ చెప్పనక్కరలేదు. కావుననే 1962లో అధ్యక్షుడు దియోస్దాదో మకపగాల్ ఆ పండుగను జూన్ 12కు మార్చెను. అమెరికా అనుమతించిన దినమును విడిచి, ఓడిపోయినను తాము తలయెత్తిన దినమును ఆ జాతి తన పుట్టినరోజుగా ఎన్నుకొన్నది. అది సరియైన ఎంపిక యనియే నా యభిప్రాయము.

ఇక మన వైపు. 1947 ఆగస్టు 15న బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలు పండుగ చేసికొనుచుండగా, నిజాము రాజ్యమందలి సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాలకు ఆ పండుగ లేదు. ఇందులో ఒక విచిత్రము కలదు. కోదాడకును సూర్యాపేటకును నడుమనున్న మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యమే యైనను, తాను మాత్రము నీటి నడుమ దీవివలె కృష్ణా జిల్లాకు చెందియుండెను.   ఆ ఆగస్టున మునగాలవారు స్వతంత్రులు. పొలిమేర దాటిన ఇరుగుపొరుగువారు కారు. పెండ్లి సంబంధములు, సంతలు, ఎడ్లబండ్ల రాకపోకలు అన్నియు ఒక్కటిగా నున్న పల్లెల నడుమ స్వాతంత్ర్యము ఇట్లు గట్టు వేసికొని కూర్చుండెను.

మరుసటి యేడు సెప్టెంబరు 13న విజయవాడ వైపునుండి కదలిన భారత సైన్యము ఉదయముననే కోదాడను, మధ్యాహ్నమునకు మునగాలను చేరి, మూడవనాడు విమానముల దాడి పిమ్మట సూర్యాపేటను వశపరచుకొనెను. వెనుదిరిగిన నిజాము సేనలు మూసీనదిపై వంతెనను పేల్చివేసినను, దానిని కాచుకొనుటకు తుపాకు లేవియు నిలుపకపోవుటచే సైన్యము త్వరలోనే దానిని బాగుచేసికొని ముందునకు సాగెను. 17వ తేదీన నిజాము రేడియోలో తన ఓటమిని తానే ప్రకటించెను.

కథ ఇంతటితో ముగిసినచో పండుగకు పేరు పెట్టుట సులభమే యగును. కాని ఆ సైన్యము రాకకు రెండేండ్లకు పైగా ముందే, వెట్టిచాకిరి చేయబోమని, అక్రమముగా గుంజుకొన్న భూములు విడువుమని ఈ తాలూకాల పల్లెలు సంఘము గట్టి దొరల గడీల కెదురు తిరిగియుండెను. వడిసెలలు, రోకళ్లు, కారపు పొడి తొలినాటి ఆయుధములు. భీమిరెడ్డి నరసింహారెడ్డియు, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యమును ఈ సూర్యాపేట ప్రాంతమువారే. నిజాము పక్షపు రజాకార్లను తరిమిన సైన్యమే పిదప సంఘపు దళములను అడవులలో వెదకి వేటాడెను. సాయుధ పోరాటమును 1951 అక్టోబరులో విరమించు నాటికి నాలుగు వేలమంది అసువులు బాసిరని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసెను. మరుసటి యేడు ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లు వేసి తమ తీర్పు చెప్పిరి.

ఫిలిప్పీనులోను అచ్చముగ ఇట్టి కథయే నడచినది. జపానువారితో పోరాడిన హుక్‌బలహప్ దళములు స్వాతంత్ర్యానంతరము భూస్వాములతోను, సొంత ప్రభుత్వముతోను పోరాడవలసి వచ్చెను. 1946లో ఎన్నికైన వారి నాయకుడు లూయిస్ తారుక్‌ను శాసనసభలో కూర్చుండనీయరైరి. అతడు లొంగిపోయినది 1954లో. తేదీ మార్చుట వారికి సాధ్యమైనది. కౌలురైతు బ్రతుకు మార్చుట అంత సులభము కాలేదు.

నేడు ఆ దేశము మనకు దూరమైనది కాదు. మన పిల్లలు వైద్యవిద్యకై అచటికి పోవుచున్నారు. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వపు బియ్యము 12,500 టన్నులు కాకినాడ రేవునుండి ఫిలిప్పీనునకు ఓడ నెక్కెను. ప్రపంచమునకు ఐ.ఆర్.8 వరి నిచ్చిన పరిశోధనాలయము తమ గడ్డమీదనే యున్నను, అచటివారు అన్నమునకై పరాయి ఓడల కెదురు చూచుచున్నారు. ఇచట నాగార్జునసాగరు ఎడమ కాలువ నీట పండిన వరితో మిర్యాలగూడ రైసుమిల్లులు ఎడతెగక ఆడుచున్నవి. లక్షలాది ఫిలిప్పీనులు పరదేశములలో దాదులుగా, నావికులుగా పనిచేసి ఇంటికి డబ్బు పంపుకొనుచున్న ఈ కాలమున, స్వాతంత్ర్యమన నేమి యని వారి పత్రికలు ప్రతి జూన్ మాసమునను ప్రశ్నించుట వింత కాదు.

మనమింకను పేరువద్దనే ఆగితిమి. సెప్టెంబరు 17ను కొందరు విమోచన మనిరి, కొందరు విలీన మనిరి, 2022లో రాష్ట్ర ప్రభుత్వము సమైక్యతా దిన మనినది, 2024లో మరియొక ప్రభుత్వము ప్రజాపాలన దిన మనినది. ప్రభుత్వము మారినప్పుడెల్ల పండుగ పేరు మారుచున్నది. ఫిలిప్పీనులు జూన్ 12ను ఎన్నుకొన్నను జూలై 4ను తుడిచివేయక, 1964 నాటి చట్టములో దానిని రిపబ్లిక్ దినముగా నిలుపుకొనిరి. అట్లే సెప్టెంబరు 17కును, కొమరయ్య నేలకొరిగిన జూలై 4కును చోటు పెట్టుట మనకును అసాధ్యము కాదు. ఈ మూడు పట్టణముల పాఠకులకు నా మనవి యొక్కటే: రాబోవు సెప్టెంబరు 17న మీ సభలో వక్త ఏ పక్షమువాడైనను, సాయుధ పోరాటమునాడు మీ యూరిలో సంఘము పంచిన భూమి యెంత, అందులో పంచుకొన్నవారి పేర పట్టాగా నిలిచిన దెంత యని అడిగి, ఆ లెక్కను వేదికపై చదివింపుడు.